ఊరంతా ఒకే టీవీ చూసిందట!

వాడ కతలు – 17



వారం నుంచి ఒకటే వీడియో నాకు ఏడుగురు పంపారు. తలుపులున్న చెక్క పెట్టెలో నలుపు తెలుపు డయనోరా టీవీ, మిద్దె మీద ఏంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచే పిల్లోడు, తోలు తొడుగు వేసిన ఫిలిప్స్ రేడియో, క్యాసెట్ చక్రంలో పెన్సిల్ దూర్చి తిప్పే వేళ్లు. వెనకాల మెత్తటి సంగీతం. చివర్లో తేల్చిందేమిటంటే, అప్పట్లో ఊరంతా ఒకే టీవీ ముందు కూర్చునేదట, ఈ కులాల గొడవలేవీ లేవట. పంపిన ఏడుగురిలో ఇద్దరు మనవాళ్లే.

ఆ పెన్సిల్‌ని చూసి నేనూ నవ్వుకున్నాను. పాత వస్తువుల మీద నాకేం పగ లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే వెచ్చగా తగిలే రేడియో అంటే ఇప్పటికీ ఇష్టమే. కానీ "ఊరంతా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట గురించే ఈ భాగం.

తెలుగులో "ఊరూ వాడా" అని జంటగా అంటాం. ఎందుకు జంటగా అన్నారు? రెండూ ఒకటి కాదు కాబట్టి. ఊరు అంటే వాడ కాదని మన భాషకే తెలుసు. ఆ వీడియో చేసిన పిల్లోడికే తెలిసినట్టు లేదు. మాది పూతలపట్టు మండలం. చిత్తూరు జిల్లా రికార్డుల్లో మాలాంటి చోట్లను హరిజనవాడ అనో, ఆది ఆంధ్రవాడ అనో రాసుకున్నారు. ఆ రెండో పేరు వెనక 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ గారు అధ్యక్షత వహించిన సభ ఉంది. మేం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం అని ఆ సభ పెట్టుకున్న పేరు అది. చివరికి అది పల్లె పొలిమేర బోర్డు మీద రెండు మూడు పొడి అక్షరాలుగా మిగిలింది. దాని కత వేరే భాగంలో చెబుతాను.

ఇప్పుడు కరెంటు సంగతి. టీవీ కంటే ముందు కరెంటు రావాలి కదా.

నాకు ఊహ తెలిసేసరికే మా వాడ మీద కరెంటు తీగలున్నాయి. నిజంగానే మీద. మా కొట్టాల నెత్తిన పోయి, చెరకు తోటల్లో ఊరోళ్ల మోటారు బావుల దగ్గర దిగేవి. మా నాయన రాత్రిపూట ఆ మోటార్ల దగ్గరే ఉండేవాడు. త్రీఫేజు కరెంటు ఏ అర్ధరాత్రో వస్తుంది. వచ్చినప్పుడు లేచి మోటారు వేసి మడవలు తిప్పాలి. చేతిలో బ్యాటరీ లైటు, అది కూడా ఆసామిదే, తెల్లారి తిరిగి ఇచ్చేయాలి. అంటే మా ఇంటి మనిషి రాత్రంతా కరెంటుతోనే పని చేసేవాడు. ఆయన ఇంటికొచ్చేసరికి ఇంట్లో వెలిగేది మాత్రం సీమనూనె బుడ్డి. రేషన్‌లో వచ్చే నీలం నూనె. ఆ బుడ్డి కింద నేను ఎక్కాలు నేర్చుకున్నాను. పొద్దున్నే ముక్కులో వేలు పెడితే నల్లగా వచ్చేది.

ఇదేదో మా వాడ దురదృష్టం అనుకోకండి. దీనికి లెక్క ఉంది. 1997 దాకా ప్రభుత్వం దృష్టిలో "విద్యుదీకరించిన గ్రామం" అంటే, ఆ గ్రామ రెవెన్యూ పరిధిలో ఎక్కడైనా, ఏ అవసరానికైనా కరెంటు వాడితే చాలు. ఎక్కడో చేను మధ్యలో ఒక్క మోటారు తిరిగినా ఊరికి వెలుగొచ్చినట్టే. 1997లో కొంచెం మార్చారు. మనుషులు నివసించే చోట కరెంటు వాడాలన్నారు. ఆ మనుషులు ఏ వీధిలో నివసించాలో చెప్పలేదు. 2004లో మూడోసారి మార్చారు. ఊళ్లోనూ, దళిత వాడ ఉంటే ఆ వాడలోనూ ట్రాన్స్‌ఫార్మరు, లైన్లు ఉండాలి, బడి, పంచాయతీ ఆఫీసు, ఆస్పత్రి లాంటి చోట్లకు కరెంటు ఇవ్వాలి, కనీసం నూటికి 10 ఇళ్లకు కనెక్షన్ ఉండాలి, అప్పుడే లెక్కలోకి తీసుకుంటాం అన్నారు.

ఆ సంవత్సరాన్ని మళ్లీ చదవండి. 2004. స్వాతంత్ర్యం వచ్చిన 57 ఏళ్లకు, మనుషులు చంద్రుడి మీద దిగిన 35 ఏళ్లకు, హైదరాబాదులో హైటెక్ సిటీ మొదలైన ఆరేళ్లకు, ఒక ఊరికి కరెంటు వచ్చిందని చెప్పాలంటే దళిత వాడకు కూడా రావాలని ఈ దేశం కాగితం మీద రాసుకుంది. అంతవరకూ మనం చీకట్లో ఉన్నా ఊరు వెలుగులో ఉన్నట్టే లెక్క. ఆ వీడియోలో "ఊరంతా" అన్నమాట, ప్రభుత్వ లెక్కల్లో "గ్రామం" అన్నమాట, రెండూ ఒకే తల్లి పిల్లలు.

మధ్యలో 1988–89లో కుటీర జ్యోతి అని ఒక పథకం వచ్చింది. దారిద్ర్యరేఖ కింద ఉన్న ఇళ్లకు ఒక్క దీపం పాయింటు ఇచ్చేది. మా ఇంట్లో బల్బు దాని పుణ్యానే 1991లో వెలిగింది. దాన్ని నేను చులకన చేయను. ఆ రాత్రి మా అవ్వ నిద్రపోలేదు, "ఆర్పొద్దురా అబ్బోడా, సూస్తా ఉండనీ" అంటూ మంచం మీద కూర్చునే ఉండింది. అయితే అది ఒక్క బల్బే. గోడకు ప్లగ్గు లేదు. టీవీ పెట్టుకోవడానికి వీలుగా ఇచ్చిన కరెంటు కాదది. మీ ఇంట్లో 1991లో ఎన్ని ప్లగ్గులున్నాయో, పాత వస్తువుల బొమ్మలు పంపుకునే మిత్రులు ఒకసారి లెక్కపెట్టుకుంటే బాగుంటుంది.

సరే, టీవీ దగ్గరికి వద్దాం.

మా ఊళ్లో మొదటి టీవీ ఒక ఆసామి మిద్దెలో ఉండేది. మా జిల్లాకు మద్రాసు దగ్గర, హైదరాబాదు దూరం. మద్రాసు దూరదర్శన్ 1975లోనే మొదలైంది. బొంగు కర్రకు కట్టిన ఏంటెనాను తూర్పుకు తిప్పి బూస్టరు పెడితే, గాలి మంచిదైతే, శుక్రవారం తమిళ పాటల 'ఒలియుం ఒలియుం' చుక్కల మధ్యలో కనిపించేది. రిలే కేంద్రాలు వచ్చాక చిత్రలహరి వచ్చింది, ఆదివారం సినిమా వచ్చింది. పాటలకు ఏ భాషైనా మాకు ఒకటే.

ఆ ఇంట్లో ఎవరెక్కడ కూర్చునేవారో నాకు పటం గీసినట్టు గుర్తుంది. మంచం మీద ఇంటి మగవాళ్లు. చాప మీద ఆడవాళ్లు, చుట్టాల పిల్లలు. నడవలో గడపకు అవతల ఊళ్లో మిగతా కులాల పిల్లలు. మేం కిటికీ బయట, వాకిట్లో. కిటికీకి ఆరు ఊచలు. నిలబడితే వెనకోడికి కనబడదు, కూర్చుంటే మనకు కనబడదు. మోకాళ్లు సగం వంచి చూడటం మా వాడ పిల్లలందరికీ వచ్చిన విద్య.

అది కూడా ఊరికే చూడనిచ్చేవాళ్లు కాదు. విత్తనాల సీజన్లో చాటలో చెనిక్కాయలు పోసి మా ముందు పెట్టేవాళ్లు. "ఊరికే నిలబడేదేంది, ఒలస్తా సూడండ్రా" అని ఇంటామె. సినిమా అయ్యేసరికి బొటనవేలి గోరు కింద రక్తం. పల్లెల్లో టీవీ వచ్చాక జనం సోమరులయ్యారని ఎవరో పెద్దాయన పత్రికలో రాసింది చదివి, ఆ సినిమాలన్నీ నేను ఎన్ని శేర్ల విత్తనాలు ఒలిచి చూశానో లెక్క వేయబోయి మానేశాను.

ఆ ఇంటివాళ్లు దుర్మార్గులని చెప్పడం లేదు. వాళ్ల తాత మమ్మల్ని ఒక్క మాట కూడా అనేవాడు కాదు. దాహమంటే నీళ్లు పోయించేవాడు కూడా, ఎత్తి దోసిట్లోకి. వాళ్ల జ్ఞాపకంలో ఆ సాయంత్రాలు నిజంగానే అందంగా ఉండి ఉంటాయి. ఇంటినిండా జనం, పిల్లల నవ్వులు. లోపల కూర్చున్నవాడికి గది నిండుగా కనిపిస్తుంది, కిటికీ ఒక బొమ్మకు చట్రంలా కనిపిస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. గోడకు ఏ పక్క నుంచి చూశారో చెప్పడం మర్చిపోతున్నారు, అంతే.

ఇక రామాయణం సీరియల్. 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31న అయిపోయింది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు దేశం ఆగిపోయిందని చెబుతారు. ఆగలేదు. ఆ టైముకు మా అమ్మ అదే మిద్దె వెనక పశువుల కొట్టంలో పేడ ఎత్తేది. టీవీకి హారతి ఇచ్చి కొబ్బరికాయ కొట్టేవాళ్లని నవ్వుతూ గుర్తుచేసుకుంటారు కదా, మా చోట ఆ హారతే ఇబ్బంది తెచ్చింది. సినిమా రోజు కిటికీ దాకా రానిచ్చినవాళ్లు రామాయణం రోజు వాకిట్లోకి రానివ్వలేదు. టీవీ పెట్టె ఆ గంట సేపు గుడి. గుడైతే మాకు ఏ దూరమో అదే దూరం. వస్తువు కొత్తదే, దాన్ని పెట్టుకున్న ఇల్లు పాతదే.

ఆ సీరియల్ గురించి ఎవరూ గుర్తుచేయని సంగతి ఒకటుంది. అది 1988లో ముగియబోతోందని తెలిసినప్పుడు జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. వాళ్లు వాల్మీకులు. వాల్మీకిని తమ కులగురువుగా కొలుచుకునే మనుషులు. ఉత్తరకాండ చూపించకుండా ముగిస్తే వాల్మీకి కత లేకుండా పోతుందని చీపుర్లు కింద పెట్టేశారు. సమ్మె పక్క పట్టణాలకు పాకింది. వీధుల్లో చెత్త పేరుకున్నాక ప్రభుత్వం దిగొచ్చింది, ఉత్తర రామాయణం తీయించింది. శంబూకుడి తల నరికిన కత ఉన్నది కూడా ఆ ఉత్తరకాండలోనే. దీని మీద మనలో మనకు పెద్ద చర్చే నడవాలి, నడుస్తూనే ఉంది. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి. దేశం మొత్తం మీద టీవీ తెరమీద ఏం రావాలో సమ్మె చేసి తేల్చినవాళ్లు పాకీ పనివాళ్లు. ఆ కాలం జ్ఞాపకాల వీడియోల్లో హారతి పళ్లెం ఉంటుంది, చీపురు ఉండదు.

సినిమా హాలు సంగతి మీకు తెలిసిందే. బెంచీ టికెట్టు, నేల టికెట్టు అని మురిపెంగా చెప్పుకుంటారు. 1991 జూలైలో చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు వరసలోని రెడ్డి యువకుడికి తగిలింది. నెల తిరగకుండానే ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చీకట్లో పక్కపక్కన కూర్చుని ఒకే తెర చూసినంత మాత్రాన కులం పోదని చెప్పడానికి నాకు ఇంతకంటే వేరే ఉదాహరణ అవసరం లేదు.

ఇన్ని చెప్పాను కాబట్టి మనకు తీపి జ్ఞాపకాలే లేవనుకుంటారేమో. ఉన్నాయి. వాళ్ల పెట్టెలో లేవు, మన పెట్టెలో ఉన్నాయి.

మా వాడకు సొంతంగా వచ్చిన మొదటి యంత్రం టూ-ఇన్-వన్ టేపురికార్డరు. కువైట్ నుంచి వచ్చింది. కడప, చిత్తూరు జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి పోయారో మీకు చెప్పనక్కర్లేదు. మా పిన్నమ్మ 1986లో పోయింది. రెండేళ్లకు సెలవు మీద వచ్చి ఆ పెట్టెను మా కొట్టంలో గూట్లో పెట్టింది. దానికి కరెంటు అక్కర్లేదు, ఆరు సెల్లులుంటే చాలు. సెల్లులు నీరసపడితే ఎండలో పెట్టేవాళ్లం, ఇంకో రెండు పాటలు వచ్చేవి. పాట సాగదీసినట్టు వస్తే గాయకుడికి ఆకలేస్తోందని మా తాత అనేవాడు. పగలు సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గొంతు వినిపించేది. మా వాడ ఆడవాళ్లు ఆమెను "సిలోన్ మీనాచ్చి" అని, మేనత్త కూతురి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్లు.

ఆ పెట్టె అసలు పని పాటలు కాదు. పిన్నమ్మకు చదువు రాదు, మా చిన్నాయనకూ రాదు. ఉత్తరం రాయాలంటే ఊళ్లో ఎవరి కాళ్లో పట్టుకోవాలి, రాసినవాడు ఇంటి గుట్టు ఊరంతా చెబుతాడు. క్యాసెట్ వచ్చాక ఆ బాధ పోయింది. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో ఒక పక్క పిన్నమ్మ మాట్లాడి, వచ్చేవాళ్ల చేత పంపేది. రెండో పక్క మేం మాట్లాడి పంపేవాళ్లం. చెనిక్కాయల ధర, కోడి ఎన్ని గుడ్లు పెట్టింది, పిల్ల పెద్దమనిషైంది, అన్నీ. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు రెండు నెలలు పిన్నమ్మ కబురు లేదు. మా చిన్నాయన రాత్రిపూట ఆ పాత క్యాసెట్ పెట్టుకుని వినేవాడు. బ్యాటరీలు అయిపోతాయని సగం విని ఆపేసేవాడు. తర్వాత లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తెచ్చారు కదా, వాళ్లలో పిన్నమ్మ ఒకతె. ఆ క్యాసెట్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పెన్సిల్‌తో తిప్పే క్యాసెట్ బొమ్మ చూస్తే నాకు గుర్తొచ్చేది అదే.

మన అక్షరాస్యత కంటే ముందు మన గొంతును దాచుకోనిచ్చిన యంత్రం అది. గద్దర్ పాటలు అందులోనే విన్నాం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టాక, ఆ పాటలు పత్రికల కంటే ముందు క్యాసెట్లలో మా దాకా వచ్చాయి. పలక కొట్టి ఊరోళ్ల కబురు ఊరికి చాటిన మనుషులు, మొదటిసారి తమ కబురు తాము చాటుకున్నారు. దండోరా అన్న పేరులోనే ఆ కత ఉంది.

ఇంకో మనిషిని గుర్తు చేస్తాను. మా వాడలో ఐటీఐ చదివిన అన్న ఒకాయన టీవీ మెకానిక్ అయ్యాడు. ఈ పనికి కులవృత్తి లేదు, ఏ శాస్త్రమూ దీన్ని ఎవరికీ రాసివ్వలేదు. ఏ ఇంటి గడప వాళ్ల నాయన ముప్పై ఏళ్లు దాటలేదో ఆ ఇంట్లోకి ఆయన సోల్డరింగు కడ్డీ పట్టుకుని నేరుగా పోయాడు. టీవీ హాల్లో ఉంది, వాకిట్లోకి మోసుకొస్తే తీగలు ఊడతాయి, ఆదివారం సినిమా పోతుంది. అందుకని రానిచ్చారు. ఆయన పోయాక టీవీ పెట్టిన బల్లను పసుపు నీళ్లతో తుడిచేవాళ్లని ఆయనకే తెలుసు. తెలిసీ, తుడిచిన ప్రతిసారీ బిల్లులో పది రూపాయలు ఎక్కువ వేసేవాడు. "పసుపు ఖర్చు నాది, పది రూపాయలు వాళ్లది" అని నవ్వేవాడు.

రోటి పచ్చడి జ్ఞాపకాలు కూడా ఈ మధ్య ఎక్కువయ్యాయి. మిక్సీ వచ్చి రుచి పోయిందంటారు. రోట్లో ఎవరు దంచారు అని అడిగితే మాట మారుస్తారు. మా అవ్వ భుజం వడ్లు దంచీ దంచీ ఒక పక్కకు ఒరిగిపోయింది. దంచినందుకు నూకలు ఇచ్చేవాళ్లు. మిల్లు వచ్చాక దంచే పని పోయింది, నూకలూ పోయాయి. మిల్లును తిట్టాలో దణ్ణం పెట్టాలో ఆమెకు చివరిదాకా తేలలేదు. మన ఆడవాళ్ల దగ్గర యంత్రాల చరిత్ర అడిగితే ఇలాగే రెండు వైపులా పదునుగా ఉంటుంది.

మనలో మనం కూడా నిజం చెప్పుకోవాలి. మాలపల్లెలో మొదటి టీవీ వచ్చినప్పుడు మాదిగపల్లె పిల్లలు ఎక్కడ కూర్చున్నారు? మన కొట్టంలో టేపురికార్డరు మీట నొక్కే హక్కు ఆడపిల్లలకు ఉండిందా? ఊరోళ్ల కిటికీ గురించి రాసేవాళ్లం ఇది దాచిపెడితే కుదరదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, "అప్పట్లో అందరం ఒకటే" అన్న మాట దగ్గర ఆ వీడియో ఆగదు. దాని కింద వ్యాఖ్యలు చదవండి. "అందరం ఒకే టీవీ చూసి పెరిగాం, మరి మీకెందుకు రిజర్వేషన్" అన్నది నాలుగో వ్యాఖ్య. హాస్టల్లో మీ గది స్నేహితుడు ఇదే మాట మర్యాదగా అంటాడు. మొదలు సమానంగా ఉందని ఒప్పుకుంటే చివర కూడా మన చేతకానితనం అని ఒప్పుకోవాల్సి వస్తుంది. అందుకే ఆ మొదటి వాక్యం దగ్గరే ఆపాలి. మా పూతలపట్టు అసెంబ్లీ నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. దాని మీద కూడా "మీకింకేం తక్కువ" అంటుంటారు. ఇంట్లో ప్లగ్గు ఏ సంవత్సరంలో వచ్చిందో అడిగితే తక్కువేమిటో తెలుస్తుంది.

అదంతా పాత కాలం అనేవాళ్లకు 2020 జూన్ 1 గుర్తు చేయండి. కేరళలో ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజు. మలప్పురం జిల్లాలో ఒక దళిత కూలీ కూతురు ఆ రోజే ప్రాణం తీసుకుంది. బాగా చదివే పిల్ల. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేదు, ఉన్న టీవీ చెడిపోయి ఉంది, బాగు చేయించడానికి నాయన దగ్గర డబ్బు లేదు. దేశంలో నూటికి 24 ఇళ్లకే ఇంటర్నెట్ ఉందని 2017–18 జాతీయ నమూనా సర్వే అప్పటికే చెప్పి ఉంది. లెక్క తెలిసే తరగతులు మొదలుపెట్టారు. మన దగ్గర సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చాయి. ఆ వారం మా వాడలో పనిచేసే ఒక టీవీ ముందు పదకొండు మంది పిల్లలు కూర్చున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ముగ్గురు కిటికీ దగ్గరే ఉన్నారు. ఈసారి కిటికీ మనదే, గది చిన్నది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనూ తాతనూ కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. మీ వాడలో మొదటి బల్బు ఏ ఏడు వెలిగింది, ఊళ్లో వెలిగింది ఏ ఏడు, మధ్య ఎన్నేళ్ల తేడా. మొదటి టీవీ ఎవరింట్లో, మీరు ఎక్కడి నుంచి చూశారు, చూసినందుకు ఏం పని చేశారు. పేర్లు వద్దు, ఊరు, సంవత్సరం చాలు. పాత క్యాసెట్లుంటే పారేయకండి, బూజు పట్టినా సరే. చిత్తూరులో వాటిని ఫోన్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు ఇంకా ఒకరిద్దరున్నారు. వచ్చినవన్నీ జిల్లాలవారీగా ఇక్కడే పెడతాను. మా వాడ లెక్క ముందే ఇస్తున్నాను: ఊళ్లో బల్బు 1964, వాడలో 1991.

వచ్చే ఆదివారం మైకుసెట్టు గురించి.